మార్కులు, పర్సంటైల్, ర్యాంకు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరిలో జేఈఈ (ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి జాతీయ ఇంజినీరింగ్ కాలేజీల ప్రవేశ పరీక్ష) మొదలైంది మొదలు కాలేజీలు తెరిచేదాకా కావలి, ఆత్మకూరు, పొదిలి, కనిగిరి, ఏ ఊరి వాళ్లు కలిసినా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో ఉన్నాను కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. "ఎన్ని వచ్చాయి" అని అడిగితే సగమే అడిగినట్టు. ఎంతమందిలో వచ్చాయి, ఏ సీటు కోసం, ఏ లోకల్ ఏరియాలో (ఏ యూనివర్సిటీ పరిధిలో స్థానికులుగా లెక్కిస్తారో అది) అన్నవి కూడా తెలిస్తేనే ఆ అంకెకు అర్థం వస్తుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## పరీక్షకు ముందు

మార్కులు, పర్సంటేజీ, పర్సంటైల్, ర్యాంకు... ఇన్ని పేర్లు ఎందుకు? తేడా ఏంటి?

మార్కులు అంటే పేపర్లో పిల్లవాడు తెచ్చుకున్నవి. వాటిని నూటికి లెక్కగడితే పర్సంటేజీ. ఈ రెండూ పిల్లవాడికీ పేపర్‌కూ మధ్య లెక్క. పర్సంటైల్, ర్యాంకు అలా కాదు, అవి పిల్లవాడికీ మిగతా పిల్లలకూ మధ్య లెక్క. 95 పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో నూటికి 95 మంది అతనితో సమానంగానో, అంతకంటే తక్కువగానో తెచ్చుకున్నారని అర్థం. అతను నూటికి 95 మార్కులు తెచ్చుకున్నాడని కాదు. పేపర్ కష్టంగా వస్తే సగం మార్కులకే 95 పర్సంటైల్ దాటొచ్చు. ర్యాంకు అంటే వరుసలో ఎన్నోవాడు అన్నది. సీటు ఇచ్చేది చివరికి ర్యాంకును బట్టే.

ఎంసెట్, ఈఏపీసెట్ ఒకటేనా? ఎన్ని మార్కులకు ఉంటుంది?

ఒకటే. మెడికల్ సీట్లు నీట్‌కు (దేశమంతటికీ ఒకే మెడికల్ ప్రవేశ పరీక్ష) వెళ్లిపోయాయి కాబట్టి 2021 నుంచి మన రాష్ట్రంలో పేరు మార్చారు. ఇళ్లల్లో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు, తప్పేం లేదు. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, 160 మార్కులు. ఇంజినీరింగ్‌కు మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అగ్రికల్చర్, ఫార్మసీ వైపు మ్యాథ్స్ బదులు బోటనీ 40, జువాలజీ 40. ఓసీ, బీసీ పిల్లలకు ర్యాంకు రావాలంటే కనీసం 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ కనీస హద్దు లేదు.

ఇంటర్ మార్కులు ఎంసెట్ ర్యాంకులో కలుస్తాయా? మా వాడు ఇంటర్‌ని పట్టించుకోవట్లేదు.

కలుస్తాయి. ర్యాంకు కట్టేటప్పుడు ఎంసెట్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులకు 25 శాతం వెయిటేజీ ఇస్తారు. కరోనా కాలంలో దీన్ని పక్కన పెట్టడంతో, ఇంకా లేదేమోనని కొందరు అనుకుంటున్నారు. ఉంది.

లెక్క చూడండి. ఇద్దరు పిల్లలకు ఎంసెట్‌లో 160కి 80 వచ్చాయనుకుందాం. ఇద్దరికీ 75కు 37.5 పడతాయి. ఒకరికి ఇంటర్ గ్రూప్‌లో 95 శాతం ఉంటే 25కు 23.75, ఇంకొకరికి 75 శాతం ఉంటే 18.75. మొత్తం 61.25 ఒకరిది, 56.25 ఇంకొకరిది. ఆ ఐదు మార్కుల తేడాను ఎంసెట్‌లో పూడ్చుకోవాలంటే పది పైచిలుకు ప్రశ్నలు ఎక్కువ చేయాలి. ఆ పది మార్కుల మధ్యలో ఎంతమంది పిల్లలు ఉంటారో ఆలోచించండి. ఇంటర్ బోర్డు పరీక్షను "పాసైతే చాలు" అని వదిలేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం. కష్టపడి కోచింగ్ తీసుకున్న పిల్లవాడు తేలిగ్గా వచ్చే మార్కుల్ని అక్కడ పోగొట్టుకుంటాడు.

జేఈఈ మెయిన్, నీట్ ర్యాంకుల్లో ఇంటర్ మార్కులు కలవవు. కానీ ఎన్‌ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే ఇంటర్లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదా తమ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి.

మా అమ్మాయి సీబీఎస్ఈ. ఎంసెట్ ర్యాంకు ఇస్తారా?

ఇస్తారు. అయితే ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు పిల్లల మార్కులు నేరుగా వస్తాయి. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ పిల్లలు మాత్రం పన్నెండో తరగతి మార్కులు తామే ఆన్‌లైన్లో నమోదు చేయాలి. అది చేయకపోతే ఎంసెట్ ఎంత బాగా రాసినా ర్యాంకు ఆగిపోతుంది.

తెలియని ప్రశ్నకు ఏదో ఒకటి గుర్తించొచ్చా?

ఎంసెట్‌లో తప్పుకు మార్కు కోయరు. కాబట్టి 160కి 160 గుర్తించే బయటికి రావాలి. జేఈఈ మెయిన్, నీట్‌లలో ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత. అక్కడ ఒకటి రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తెలిస్తేనే గుర్తించడం మంచిది. ఒకే నెలలో నీట్, ఎంసెట్ రెండూ రాసే బైపీసీ పిల్లలకు ఈ తేడా ముందురోజు మళ్లీ ఒకసారి గుర్తు చేయండి.

ట్రిపుల్ ఐటీకి ఏ పరీక్ష రాయాలి?

మన దగ్గర ట్రిపుల్ ఐటీ అనే మాట రెండు వేర్వేరు చదువులకు వాడుతున్నాం. ఒంగోలు, ఇడుపులపాయ, నూజివీడు, శ్రీకాకుళం పేర్లతో ఉన్నవి రాష్ట్ర యూనివర్సిటీ అయిన ఆర్జీయూకేటీ క్యాంపస్‌లు. వాటిలో పదో తరగతి అయ్యాక ఆరేళ్ల కోర్సులో చేరతారు. పదో తరగతి మార్కులే ఆధారం, ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. కర్నూలు, శ్రీసిటీల్లో ఉన్నవి జాతీయ సంస్థలు. వాటిలో ఇంటర్ తర్వాత జేఈఈ మెయిన్ ర్యాంకుతో చేరతారు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు అడిగితే మొదటిది, ఇంటర్ వాళ్లు అడిగితే రెండోది అని అర్థం చేసుకుని జవాబు చెప్పాల్సి వస్తోంది.

చెన్నై దగ్గరే కదా, అమ్మాయిని ఇంటర్‌కు అక్కడ చేర్పిస్తే స్కోరు విషయంలో నష్టమా?

స్కోరుకు నష్టం లేదు. ఆ స్కోరుతో ఏ కోటాలో పోటీ పడాలన్నదే మారిపోతుంది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకు. సొంత రాష్ట్రం ఏదన్నది పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టి తేలుస్తారు. చెన్నైలో పాసైతే తిరుచ్చి ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం కోటా దొరుకుతుంది, తాడేపల్లిగూడెంలో ఉన్న మన ఎన్‌ఐటీలో పోతుంది. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో లోకల్ హోదా కూడా చిక్కుల్లో పడుతుంది, ఎందుకంటే ఆ లెక్క రాష్ట్రంలో వరుసగా చదివిన ఏళ్లను బట్టి ఉంటుంది. లోకల్ కాకపోయినా తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు ఉన్న ఆధారంతో 15 శాతం సీట్లకు పోటీ పడొచ్చు, కానీ అక్కడ దారి చాలా ఇరుకు. చేర్చే ముందే ఇదంతా తూచుకోండి.

అమెరికాలో డిగ్రీకి పంపాలంటే శాట్ తప్పనిసరా?

యూనివర్సిటీని బట్టి. శాట్ మొత్తం 1600 మార్కులు, ఇంగ్లిష్‌కు 800, మ్యాథ్స్‌కు 800. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు శాట్‌ను అసలు చూడవు. ఎంఐటీ మాత్రం కరోనా తర్వాత మళ్లీ తప్పనిసరి చేసింది. అక్కడ స్కోరుతోపాటు తొమ్మిదో తరగతి నుంచి బడిలో వచ్చిన మార్కులు, రాసిన వ్యాసాలు కూడా చూస్తారు. మన కౌన్సెలింగ్‌లో లాగా ఫలానా స్కోరుకు ఫలానా సీటు అన్న లెక్క అక్కడ కుదరదు.

## రిజల్ట్ వచ్చిన రోజు

మా వాడికి జేఈఈ మెయిన్‌లో 92 వచ్చింది. నూటికి 92 మార్కులేనా?

కాదు. స్కోర్‌కార్డులో ఎన్‌టీఏ (పరీక్ష పెట్టే జాతీయ సంస్థ) స్కోర్ అని ఏడు దశాంశ స్థానాలతో వేసే అంకె పర్సంటైల్. పరీక్ష 75 ప్రశ్నలకు, 300 మార్కులకు. మీ వాడి షిఫ్ట్‌లో రాసిన నూటికి 92 మంది అతనితో సమానంగానో వెనకో ఉన్నారు, 8 మంది ముందున్నారు. ఎనిమిది అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. 2025లో రెండు సెషన్లు కలిపి రాసినవాళ్లు దాదాపు 14.75 లక్షలు. అందులో నూటికి ఎనిమిది మంది అంటే లక్షా పద్దెనిమిది వేలు. అది మంచి స్కోరే, పిల్లవాడిని మెచ్చుకోండి. అయితే బంధువులకు ఎన్‌ఐటీ కంప్యూటర్ సైన్స్ అని చెప్పే ముందు ఈ లెక్క చూసుకోండి.

పర్సంటైల్ నుంచి ర్యాంకు అంచనా వేయడం ఎలా?

నూరులోంచి పర్సంటైల్ తీసేయండి, మిగిలినదాన్ని రాసినవాళ్ల సంఖ్యతో గుణించి నూరుతో భాగించండి. 14.75 లక్షల మందితో లెక్క వేస్తే 99 పర్సంటైల్‌కు ర్యాంకు 14,750 దగ్గర, 97కు 44 వేల దగ్గర, 95కు 74 వేల దగ్గర, 90కి లక్షా నలభై ఏడు వేల దగ్గర పడుతుంది. 99కి, 98కి మధ్య ఒక్క అంకే తేడా, కానీ ఆ మధ్యలో పద్నాలుగు వేలకు పైగా పిల్లలు ఉన్నారు. అసలు ర్యాంకు జనవరి రిజల్ట్‌తో రాదు. ఏప్రిల్ సెషన్ కూడా అయ్యాక, రెండిట్లో ఎక్కువగా ఉన్న పర్సంటైల్ తీసుకుని ఇస్తారు.

మూడు సబ్జెక్టుల్లోనూ 96 లోపే ఉంది, టోటల్ మాత్రం 97 చూపిస్తోంది. తప్పు పడిందా?

తప్పు లేదు. టోటల్ పర్సంటైల్ మూడు సబ్జెక్టుల సగటు కాదు. మొత్తం 300కు వచ్చిన మార్కుల్ని విడిగా అందరితో పోల్చి దాన్ని కడతారు. ఒక్క సబ్జెక్టులో బాగా చేసేవాళ్లు చాలామంది ఉంటారు. మూడింటిలోనూ నిలకడగా చేసేవాళ్లు తక్కువ, అందుకే అలాంటి పిల్లలకు టోటల్ పైకి వెళ్తుంది. మ్యాథ్స్‌లో 99 వచ్చి కెమిస్ట్రీలో 70 దగ్గర ఆగినవాళ్లకు టోటల్ ఆశించినంత రాదు.

మా పాపకు కష్టమైన పేపర్ వచ్చింది, పక్కింటి అబ్బాయికి ఈజీ పేపర్. ఇది అన్యాయం కాదా?

ఆ అన్యాయం జరగకుండా ఉండడానికే నార్మలైజేషన్. జేఈఈ మెయిన్‌లో ప్రతి షిఫ్ట్‌ను విడిగా చూస్తారు. పాప షిఫ్ట్‌లో 60 వేల మంది రాశారనుకోండి. అందులో 57 వేల మందికి పాపకు వచ్చినన్ని లేదా తక్కువ మార్కులు వస్తే ఆమెకు 95 పర్సంటైల్. పేపర్ కష్టమైతే ఆ షిఫ్ట్‌లో అందరికీ కష్టమే, అందరి మార్కులూ తగ్గుతాయి, ఆమె స్థానం అలాగే ఉంటుంది. అందుకే వేరే షిఫ్ట్‌లో రాసిన అబ్బాయికి 20 మార్కులు ఎక్కువ వచ్చినా పర్సంటైల్ తక్కువ ఉండొచ్చు. ఈ పద్ధతి ఒక్కటే అనుకుంటుంది: ఏ షిఫ్ట్‌లోనైనా బాగా చదివేవాళ్లు, మామూలుగా చదివేవాళ్లు దాదాపు ఒకే పాళ్లలో ఉంటారని. అంత పెద్ద సంఖ్యలో అది చాలావరకు నిజమే.

ఎంసెట్‌లో కీ చూసుకుంటే 92 వచ్చాయి, రిజల్ట్‌లో 88 అని ఉంది. నాలుగు మార్కులు ఎవరు తీశారు?

ఎవరూ తీయలేదు. ఇంజినీరింగ్ పరీక్ష కొన్ని రోజులపాటు పూటకొక పేపర్‌తో జరుగుతుంది. ఎంసెట్ వాళ్లు పర్సంటైల్ ఇవ్వరు, మార్కులనే సవరిస్తారు. మీ పూట రాసినవాళ్ల సగటు, మార్కులు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయన్న లెక్క, పైవరుసలో ఉన్న 0.1 శాతం మంది సగటు తీసుకుంటారు. వాటినే అన్ని పూటలకూ కలిపిన అంకెలతో పోల్చి, మీ మార్కును ఆ కొలతలోకి మారుస్తారు. మీ పూట పేపర్ తేలికైతే మార్కు తగ్గుతుంది, కష్టమైతే పెరుగుతుంది. ర్యాంకుకు వాడేది ఈ సవరించిన మార్కే. పెరిగినవాళ్లు ఎవరూ ఫోన్ చేయరు కాబట్టి అందరికీ తగ్గించారేమో అనిపిస్తుంది.

కీలో తప్పుందని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయాలి?

ప్రాథమిక కీ విడుదలైనప్పుడు అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు ఇస్తారు. జేఈఈ మెయిన్, నీట్‌లకు ప్రశ్నకు రూ.200 కట్టాలి. పాఠ్యపుస్తకం పేజీనో, లెక్క చేసిన విధానాన్నో జతచేసి ఆన్‌లైన్లోనే పంపాలి. ఫైనల్ కీ వచ్చాక ఇక వినరు. కాబట్టి రెస్పాన్స్ షీట్ (పిల్లవాడు గుర్తించిన జవాబుల పత్రం) వచ్చిన రోజే డౌన్‌లోడ్ చేసి దాచుకుని, లెక్చరర్‌తో కూర్చుని చూసుకోండి.

అడ్వాన్స్‌డ్‌కు క్వాలిఫై అయ్యాడు. ఐఐటీ వచ్చినట్టేనా?

అది రెండో పరీక్ష రాయడానికి అనుమతి మాత్రమే. మెయిన్ రాసినవాళ్లలో అన్ని కేటగిరీలూ కలిపి రెండున్నర లక్షల మందికి ఆ అనుమతి ఇస్తారు. 2025లో జనరల్ కటాఫ్ 93.10, ఓబీసీ 79.43, ఈడబ్ల్యూఎస్ (మిగతా రిజర్వేషన్లు లేని కులాల్లోని పేదలు) 80.38, ఎస్సీ 61.15, ఎస్టీ 47.90. ఐఐటీ సీటు అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే వస్తుంది, మెయిన్ ర్యాంకు అక్కడ కలవదు. ఎన్‌ఐటీ సీటు మెయిన్ ర్యాంకుతో వస్తుంది. ఈ కటాఫ్ దాటినంత మాత్రాన ఎన్‌ఐటీ సీటు ఖాయమని కూడా అనుకోవద్దు.

నీట్‌లో మా పెద్దమ్మాయికి 2024లో 600 వచ్చినా సీటు రాలేదు, చిన్నమ్మాయికి ఇప్పుడు అంతకంటే తక్కువే. ఆశ వదులుకోవాలా?

వదులుకోవద్దు. రెండేళ్ల మార్కుల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. 2024లో 650, ఆపైన తెచ్చుకున్నవాళ్లు దాదాపు 30 వేల మంది. 2025లో పేపర్ కష్టమైంది. ఆ ఏడాది దేశం మొత్తంలో అత్యధిక మార్కులు 686, 651 నుంచి 686 మధ్య ఉన్నవాళ్లు 73 మందే. ఒకే 720 మార్కుల పరీక్ష, ఒకే మార్కు, కానీ అది నిలబెట్టే చోటు వేలకు వేలు మారిపోయింది. జనరల్ క్వాలిఫయింగ్ మార్కు చూసినా అంతే: 2022లో 117, 2023లో 137, 2024లో 162, 2025లో 144. కాబట్టి నీట్‌లో మార్కు చూసి సంతోషించడమో ఏడవడమో వద్దు, ఆలిండియా ర్యాంకు చూడండి. "600 వస్తే గవర్నమెంట్ సీటు" లాంటి మాటలు ఏ ఏడాదివో అడగండి.

నీట్ క్వాలిఫైడ్ అని ఉంది. ఎంబీబీఎస్ వస్తుందా?

క్వాలిఫై అవడం అంటే కౌన్సెలింగ్‌కు దరఖాస్తు పెట్టుకునే అర్హత. జనరల్‌కు 50 పర్సంటైల్, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 పర్సంటైల్ దాటితే ఆ మాట వేస్తారు. 2025లో అలా క్వాలిఫై అయినవాళ్లు 12.36 లక్షల మంది. దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే, అందులోనూ సుమారు సగం ప్రైవేటులో ఉన్నాయి.

## కౌన్సెలింగ్ సమయంలో

మాది నెల్లూరు. ఒంగోలు ఎంత దూరమని? అక్కడ కూడా లోకలే కదా?

కాదు, మన రెండు జిల్లాల వాళ్లు తప్పకుండా తెలుసుకోవలసిన విషయం ఇది. ఉమ్మడి నెల్లూరు జిల్లా శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ లోకల్ ఏరియాలో ఉంది, చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలుతో కలిసి. ఉమ్మడి ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో ఉంది, శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న జిల్లాలతో కలిసి. ప్రతి కాలేజీలో 85 శాతం సీట్లు ఆ ఏరియా పిల్లలకే. మిగిలిన 15 శాతానికి అందరూ పోటీ.

అంటే హైవే మీద రెండు గంటల దూరంలో ఉన్న రెండు ఊళ్ల పిల్లలకు ఒకే ర్యాంకు వచ్చినా సీట్లు వేరుగా వస్తాయి. నెల్లూరు పిల్లవాడు తిరుపతి ఎస్వీయూలో, జేఎన్టీయూ అనంతపురంలో లోకల్. విశాఖలో, జేఎన్టీయూ కాకినాడలో నాన్‌లోకల్. ఒంగోలు పిల్లవాడికి సరిగ్గా తిరగేసి. మెడికల్‌లోనూ ఇదే తీరు: నెల్లూరు ఏసీఎస్ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఎస్వీయూ వైపు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల ఏయూ వైపు. పక్క జిల్లా స్నేహితుడికి ఫలానా ర్యాంకుకు ఫలానా కాలేజీ వచ్చిందన్న మాట మీ పిల్లలకు వర్తించకపోవచ్చు.

మాది దర్శి. పదో తరగతి దాకా ఇక్కడే, ఇంటర్ నెల్లూరు హాస్టల్లో. లోకల్ ఎక్కడ?

ముందు చూసేది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు: తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఆ నాలుగూ ఒకే ఏరియాలో చదివితే అదే లోకల్. మీ పిల్లవాడివి రెండు చోట్ల పడ్డాయి కాబట్టి ఏడేళ్ల లెక్కకు వెళ్తారు. ఆరు నుంచి ఇంటర్ దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఐదేళ్లు దర్శిలో కాబట్టి ఏయూ ఏరియా. నెల్లూరు నుంచి విజయవాడ వెళ్లి ఇంటర్ చదివిన పిల్లలకు కూడా ఇలాగే ఎస్వీయూ నిలుస్తుంది. కానీ ఎనిమిదో తరగతి నుంచే విజయవాడలో పెట్టినవాళ్లు ఏయూ లోకల్ అయిపోతారు, ఇల్లు నెల్లూరులో ఉన్నా సరే. ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లన్నీ ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. మూతపడిన బడులుంటే వాటికోసం తిరగడం కౌన్సెలింగ్ వారంలో పెద్ద టెన్షన్.

కందుకూరు వాళ్లం. జిల్లా మారింది కదా, లోకల్ ఏరియా మారిందా?

2022లో కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపినప్పటి నుంచీ ఈ అనుమానం ఉంది. లోకల్ ఏరియాలను ఉమ్మడి జిల్లాల పేర్లతోనే చెబుతూ వచ్చారు. కందుకూరు ఉమ్మడి ప్రకాశంలోది. అద్దంకి, చీరాల, మార్కాపురం వైపు వాళ్లకు ఈ చిక్కు లేదు, ఏ జిల్లా పేరు పెట్టినా ఏయూలోనే ఉంటారు. గూడూరు, సూళ్లూరుపేటలు ఎటున్నా ఎస్వీయూయే. కందుకూరు వాళ్లు మాత్రం ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బుక్‌లెట్ చదివి, సర్టిఫికెట్ల పరిశీలనప్పుడు హెల్ప్‌లైన్ సెంటర్లో తమకు ఏ ఏరియా పడిందో చూసుకుని బయటికి రావాలి.

పోయినేడాది లాస్ట్ ర్యాంకుల పట్టిక చూస్తే ఏమీ అర్థం కావట్లేదు.

అందులో ఒక్క కాలేజీకి, ఒక్క బ్రాంచికి కూడా చాలా అంకెలు ఉంటాయి. మీ గడి ఒక్కటే వెతకండి: మీ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, మీ లోకల్ ఏరియా. ఓసీ అబ్బాయి గడిలో 20 వేలుంటే బీసీ అమ్మాయి గడిలో 45 వేలు ఉండొచ్చు. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు ప్రత్యేకం. ఆ అంకె చివరి సీటు ఎవరికి వెళ్లిందో చెబుతుంది, ఈ ఏడాది ఎవరికి వెళ్తుందో చెప్పదు. కంప్యూటర్ సైన్స్ సీట్లు పెంచితే వెనక్కి జరుగుతుంది, గిరాకీ పెరిగితే ముందుకు జరుగుతుంది. వెబ్ ఆప్షన్లలో మీ ర్యాంకుకు అందని కాలేజీలు కొన్ని పైన, అందేవి మధ్యలో, తప్పకుండా వచ్చేవి కింద పెట్టండి. అందని ఆప్షన్ పెట్టినందుకు నష్టం లేదు. తక్కువ ఆప్షన్లు పెట్టి మిగిలిపోయినవాళ్లే నష్టపోతారు.

మేం బీసీ. జేఈఈలో ఓబీసీ ర్యాంకు వస్తుందా?

తనంతట రాదు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. ముందు అది చూసుకోవాలి. ఉంటే కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గం కాదని చెప్పే) సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ కూడా అంతే. ఎంసెట్‌కు పెట్టిన కులధృవీకరణ పత్రం అక్కడ చెల్లదు. దీనికోసం ముందే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. మంచి కేటగిరీ ర్యాంకు ఉండి, కాగితం లేక ఓపెన్‌లోకి వెళ్లిపోయిన పిల్లల్ని చూస్తే మనసు తరుక్కుపోతుంది.

శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ మనకు దగ్గరే కదా, మనవాళ్లకు కోటా ఉంటుందా?

ఉండదు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రానికి ఉంటాయి కానీ, ఈ ట్రిపుల్ ఐటీల్లో, ఐఐటీల్లో అలాంటి కోటా లేదు. శ్రీసిటీలో తడ పిల్లవాడైనా పాట్నా పిల్లవాడైనా ఒకే వరుస.

ఒకాయన డబ్బు కడితే ర్యాంకు మార్పిస్తానంటున్నాడు. మేనేజ్‌మెంట్ సీటు కూడా ఇప్పిస్తాడట.

ర్యాంకు ఎవరూ మార్పించలేరు, ఆ మాట అన్నవాడితో ఇంకోసారి మాట్లాడకండి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చేవి), 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ సీటుకు కాలేజీని నేరుగా అడగొచ్చు, మధ్యవర్తి అక్కర్లేదు. ఒకటి మాత్రం మర్చిపోవద్దు: ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే. రిజల్ట్ వచ్చిన రోజు భయంలో అడ్వాన్స్ కట్టేసి, నెల తర్వాత అదే కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చే ర్యాంకు ఉందని తెలుసుకున్న కుటుంబాలు ఉన్నాయి. మొదటి విడత అలాట్‌మెంట్ అయ్యేదాకా ఆగండి.

## అనుకున్నంత రానప్పుడు

లాంగ్ టర్మ్ (ఏడాది ఆగి మళ్లీ కోచింగ్) పెట్టించాలా వద్దా?

ముందు లోపం ఎక్కడుందో స్కోర్‌కార్డులో చూడండి. ఒక్క సబ్జెక్టు పడిపోయి మిగతావి నిలకడగా ఉంటే, పిల్లవాడే అడుగుతుంటే, ఒక ఏడాది పెట్టడంలో అర్థం ఉంది. మూడూ సమానంగా తక్కువగా ఉండి, మీరే పట్టుబడుతుంటే నేను వద్దనే చెబుతాను. నిబంధనలు కూడా చూసుకోండి: జేఈఈ మెయిన్ ఇంటర్ పాసైన ఏడాది నుంచి వరుసగా మూడేళ్లు రాయొచ్చు, అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే. నీట్‌కు, ఎంసెట్‌కు ఇన్నిసార్లని హద్దు లేదు. హద్దు లేదు కాబట్టే నీట్‌లో ఎక్కడ ఆపాలో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

నీట్ రాలేదు. బైపీసీ చదువు వృథాయేనా?

ఎంతమాత్రం కాదు. ఎంసెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్, బీ ఫార్మసీ, ఫార్మ్ డీ ఉన్నాయి. రొయ్యల చెరువులున్న మన తీరంలో, ముత్తుకూరులోనే మత్స్య కళాశాల ఉంది. ఎదురుగా చెరువుల్ని చూస్తూ పెరిగిన పిల్లలు దాన్ని రెండో రకం చదువుగా చూడడం నాకు నచ్చదు.

రిజల్ట్ వచ్చినప్పటి నుంచి మా వాడు అన్నం సరిగా తినట్లేదు, ఎవరితో మాట్లాడట్లేదు.

కాలేజీ సంగతి పక్కన పెట్టండి. అతన్ని ఒంటరిగా వదలకండి. బంధువుల ఫోన్లు మీరే తీసుకోండి, మార్కులు ఎవరికీ చెప్పనక్కర్లేదు. పోలికలు వద్దు, "నీకోసం ఎంత ఖర్చు పెట్టాం" అన్న మాట అసలే వద్దు. పక్కన కూర్చుని అతను చెప్పేది వినండి. చనిపోవాలనిపిస్తోందన్న మాట ఏ రూపంలో విన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలీమానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు చేయొచ్చు, మీరూ చేయొచ్చు.

ఈ ఏడాది స్కోరు వచ్చే ఏడాది పనికొస్తుందా?

జేఈఈ మెయిన్, నీట్, ఎంసెట్ మూడూ ఆ ఏడాది అడ్మిషన్లకే చెల్లుతాయి. వచ్చే ఏడాది చేరాలంటే మళ్లీ రాయాల్సిందే. ఇంటర్ మార్కులు మాత్రం నిలిచి ఉంటాయి, ఎంసెట్ మళ్లీ రాసినా ఆ 25 శాతం వాటి నుంచే కలుపుతారు.